చెట్లు కొలిచారు సరే, ఏ రిగ్రెషన్ వాడాలి?

సంక్రాంతి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. వానలు వెనకబట్టాక నల్లమల ఎక్కి, చలికాలమంతా టేపులు పట్టుకు తిరిగి, ఎక్సెల్ షీటు నింపుకుని దిగొచ్చిన పిల్లలు చేసే ఫోన్లవి. పాలమూరు యూనివర్సిటీ వాళ్లుంటారు, నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ వాళ్లుంటారు. అడిగేది మాత్రం అందరూ ఒక్కటే: "అన్నా, ఏ రిగ్రెషన్ వెట్టాలె?" కొలిచిన అంకెలతో కొలవనిదాన్ని అంచనా కట్టే లెక్కే రిగ్రెషన్.

ఈసారి వచ్చినవాడు దేవరకొండ దిక్కు పిల్లగాడు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పనికి అనుమతి తెచ్చుకుని, మన్ననూరు ఘాట్ పైన 12 ప్లాట్లు (కొలతలకు గీసుకున్న అడవి ముక్కలు) వేశాడు. ఒక్కోటి 0.1 హెక్టారు, మన లెక్కలో ఇంచుమించు పది గుంటలు. మొత్తం 240 చెట్లు. చుట్టుకొలత అన్నిటికీ ఉంది, ఎత్తు మాత్రం 70 చెట్లకే తీశాడు. ప్లాటుకు నాలుగు చొప్పున చిన్న క్వాడ్రాట్లు (లెక్కకు గీసుకునే చదరాలు) వేసి తునికి మొలకలు లెక్కపెట్టాడు. ఇవిగాక ఇంకో 60 చోట్ల నారేప చెట్టు ఉందా లేదా అని టిక్కు పెట్టుకొచ్చాడు.

"మా గైడ్ సార్ మల్టిపుల్ రిగ్రెషన్ జెయ్యమంటున్నడు. నాకేమో రాండమ్ ఫారెస్ట్ జేద్దామనున్నదన్నా."

మల్టిపుల్ రిగ్రెషన్ అంటే చాలా కారణాలను ఒకే లెక్కలో వేయడం; రాండమ్ ఫారెస్ట్ సంగతి చివర్లో చెబుతాను. సారుదీ తప్పు కాదు, వీడిదీ తప్పు కాదు. కాకపోతే పిల్ల ఎవరో చూడకముందే మండపం బుక్ చేసినట్టుంది వ్యవహారం. నేను అడిగేవి రెండే. నువ్వు అంచనా కట్టేది ఎటువంటి అంకె: కిలోలా, మీటర్లా, ఉందా-లేదా అనేదా, ఎన్ని అనే లెక్కా? ఆ అంకెలు నీకు అడవిలో విడివిడిగా దొరికాయా, గుంపులుగా దొరికాయా? ఈ రెండూ తేలితే మెథడ్ ఏదో ముక్కాలు మువ్వీసం అక్కడే తేలిపోతుంది. రిగ్రెషన్‌ను పుస్తకాల్లో ప్రతిగమనం అని చదువుకున్నా, ల్యాబులో అందరం రిగ్రెషన్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అట్లాగే రాస్తున్నాను.

బరువు లెక్క: మామూలు గీతా, లాగ్ గీతా?

చెట్టు బరువు తెలియాలంటే కొట్టి తూయాలి. పులుల అడవిలో ఆ మాట పైకి అనడానికి కూడా లేదు. అందుకే వేరేచోట్ల కొట్టి తూచినవాళ్లు కట్టిన సమీకరణాల మీద ఆధారపడతాం. ఎక్కువమంది వాడేది 2014లో జెరోమ్ షావ్, ఆయన సహచరులు ఇచ్చినది. 58 చోట్ల 4,004 ఉష్ణమండల చెట్లను తూచి కట్టిన లెక్క అది. కలప సాంద్రతను (ఘన సెంటీమీటరుకు గ్రాములు) వ్యాసం వర్గంతో (సెంటీమీటర్లు), ఎత్తుతో (మీటర్లు) గుణించాలి. వచ్చిన లబ్ధాన్ని 0.976 ఘాతానికి ఎక్కించాలి, దాన్ని 0.0673తో గుణిస్తే నేలపైన ఉన్న చెట్టు పొడి బరువు కిలోల్లో వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఎత్తు, 0.7 సాంద్రత అనుకుంటే సుమారు 410 కిలోలు.

ఇక్కడే ఒక గండం. మన దగ్గర టేపుతో తీసేది చుట్టుకొలత, అదీ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున. సమీకరణం అడిగేది వ్యాసం. 94 సెంటీమీటర్ల చుట్టుకొలతను 3.14తో భాగించడం మరిచి, 94నే వ్యాసంగా వేశారనుకోండి, బరువు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. మన పిల్లగాడి షీటులో ఒక ప్లాటు మొత్తం ఇట్లాగే ఉంది. ఆ ప్లాటు ఎందుకంత దట్టంగా ఉందో వివరిస్తూ ఒక పేరా కూడా రాసి పెట్టుకున్నాడు పాపం.

మీ దగ్గర సొంతంగా తూచిన డేటా ఉంటే (పొలం గట్టు మీద కొట్టిన వేపలో, తుమ్మలో, తోటలో తీసేసిన యూకలిప్టసో) మీరే సమీకరణం కట్టుకోవచ్చు. అప్పుడు ఎంచుకోవాల్సింది రెండింట్లో ఒకటి: కిలోలను ఉన్నవి ఉన్నట్టు వ్యాసం మీద వేయడమా, రెండువైపులా లాగ్ (సంవర్గమానం) తీసి వేయడమా. నా ఓటు దాదాపు ఎప్పుడూ లాగ్‌కే. కారణం చెట్టు పెరిగే తీరులోనే ఉంది. పైన చెప్పిన సమీకరణంలో ఎత్తు మారకుండా వ్యాసం రెట్టింపైతే బరువు దాదాపు నాలుగు రెట్లవుతుంది. అంటే ఇక్కడ నడిచేది గుణకారం, కూడిక కాదు. పైగా సన్న చెట్ల మధ్య తేడా ఐదో పదో కిలోలుంటే, లావు చెట్ల మధ్య వందల కిలోలుంటుంది. రెసిడ్యువల్స్ (అసలు విలువకూ అంచనాకూ తేడాలు) గ్రాఫు గీస్తే చాట ఆకారం కనబడుతుంది: ఒకవైపు ఇరుకు, ఒకవైపు వెడల్పు. మామూలు గీత ఆ నాలుగైదు లావు చెట్ల మాట విని మిగతావాటిని పట్టించుకోదు. లాగ్ తీస్తే చాట చాలావరకు చాపలా పరుచుకుంటుంది.

అయితే లాగ్‌కు ఒక జరిమానా ఉంది, చాలామంది కట్టకుండా తప్పించుకుంటారు. లాగ్‌లో వచ్చిన అంచనాను వెనక్కి కిలోల్లోకి మారిస్తే అది సగటు కంటే తక్కువ వస్తుంది. బాస్కర్‌విల్ 1972లో చెప్పిన సవరణ దీనికే: లాగ్ స్కేలులో రెసిడ్యువల్స్ విచలనాన్ని వర్గం చేసి, సగం చేసి, దాని ఎక్స్‌పొనెన్షియల్‌తో గుణించాలి. విచలనం 0.3 అయితే సవరణ 4.6 శాతం, ఫరవాలేదు. 0.5 అయితే 13 శాతం దాటుతుంది. అడవి మొత్తం కార్బన్ లెక్క చెప్పేటప్పుడు 13 శాతం అంటే చిన్న మాట కాదు.

ఇంకో సంగతి. లాగ్ మోడల్ ఆర్-స్క్వేర్‌ను (గీత డేటాకు ఎంత కుదిరిందో చెప్పే అంకె), మామూలు మోడల్ ఆర్-స్క్వేర్‌ను పక్కపక్కన పెట్టి "ఇది పెద్దది, ఇదే మంచిది" అనకండి. ఒకటి తులాల్లో, ఒకటి సోలల్లో కొలిచినట్టు. మోడళ్లను పోల్చడానికి వాడే ఏఐసీ అనే అంకె కూడా అంతే. పోల్చాలంటే రెండింటి అంచనాలనూ కిలోల్లోకి తెచ్చి, మోడల్ చూడని చెట్ల మీద ఎంత తప్పాయో చూడాలి.

ఎత్తు: పరాబొలా వద్దు

70 చెట్ల ఎత్తుతో మిగతా 170 చెట్ల ఎత్తు అంచనా కట్టాలి. సరళరేఖ వేస్తే లావు చెట్టు ఆకాశానికి పోతుంది. అందుకని వర్గ పదం కలిపి పరాబొలా వేస్తారు. డేటా మధ్యలో అది ముచ్చటగానే ఉంటుంది. చివరికొచ్చేసరికి వంగిపోయి, లావైన కొద్దీ చెట్టు పొట్టిదవుతుందని చెబుతుంది. టేకు అయినా నల్లమద్ది అయినా ఒక ఎత్తు దాకా గబగబా పోయి, తర్వాత నెమ్మదించి, లావు మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఆ నడకకు తగ్గట్టు చాప్‌మన్-రిచర్డ్స్ లాంటి నాన్-లీనియర్ వంపు వేసుకోండి. 1.37 మీటర్ల దగ్గర మొదలై, ఒక గరిష్ఠం వైపు సాగి అక్కడ చదునవుతుంది. దీనికి మొదటి విలువలు మనమే ఇవ్వాలి, తప్పుగా ఇస్తే సాఫ్ట్‌వేరు మొరాయిస్తుంది. గరిష్ఠానికి మీరు చూసిన అన్నిటికన్నా ఎత్తైన చెట్టు కంటే ఓ రెండు మీటర్లు ఎక్కువ ఇస్తే చాలాసార్లు దారికొస్తుంది.

పిల్లలమర్రిని మాత్రం ఇందులో కలపకండి. నవ్వకండి, ఒకరు కలిపారు. మహబూబ్‌నగర్ పక్కనున్న ఆ మర్రికి ఏడు వందల ఏళ్లంటారు, మూడెకరాల పైన పరుచుకుంది, ఊడలే మానులయ్యాయి. దానికి ఛాతీ ఎత్తున చుట్టుకొలత అంటే ఏ మానుది? డేటాలో అట్లాంటి బిందువు ఒక్కటి ఉన్నా గీత మొత్తాన్ని తనవైపు లాక్కుంటుంది. దూరంగా కూర్చున్న బిందువును తీసేయాలా ఉంచాలా అనేది అంకె చూసి తేల్చేది కాదు, అది మీరు అడిగిన ప్రశ్నకు చెందిన చెట్టేనా అని చూసి తేల్చేది.

ఉందా లేదా, ఎన్ని ఉన్నాయి

నారేప 60 చోట్లలో 14 చోట్ల ఉందనుకుందాం. ఇది 0, 1ల లెక్క. ఇక్కడ సరిపోయేది సంభావ్యతను 0, 1ల మధ్యే ఉంచే లాజిస్టిక్ రిగ్రెషన్. మామూలు గీత వేస్తే కొన్నిచోట్ల నారేప ఉండే సంభావ్యత మైనస్‌లో వస్తుంది. కానీ 14 "ఉంది"లతో ఎన్ని కారణాలు పరీక్షించవచ్చు? పది "ఉంది"లకు ఒక చలరాశి (కారణం) అనేది పాత మోటు లెక్కే అయినా, అదుపులో పెట్టడానికి పనికొస్తుంది. అంటే ఒకటి, మహా అయితే రెండు. మనవాడు తొమ్మిది రాసుకొచ్చాడు.

ఫలితం చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. గుణకం 0.7 వస్తే, కారణం ఒక యూనిట్ పెరిగినప్పుడు ఆడ్స్ (ఉండే అవకాశానికీ లేని అవకాశానికీ నిష్పత్తి) రెట్టింపయ్యాయని అర్థం, సంభావ్యత రెట్టింపని కాదు. 20 శాతం ఉన్నచోట ఆడ్స్ ఒకటికి నాలుగు. అవి రెట్టింపైతే సంభావ్యత 33 శాతమే అవుతుంది, 40 కాదు.

తునికి మొలకలది "ఎన్ని" అనే లెక్క. పాఠం ప్రకారం, లెక్కపెట్టిన అంకెలకు వాడే పాయిసాన్ రిగ్రెషన్ వేయాలి. పాయిసాన్ ఏమంటుందంటే సగటు ఎంతో వ్యత్యాసమూ (వేరియన్స్, అంకెల చెదురు) అంతే అని. తునికి ఆ మాట వినదు. అది వేర్ల నుంచి పిలకలు వేసే చెట్టు, ఒక క్వాడ్రాట్‌లో ముప్పై ఉంటే పక్క మూడింట్లో సున్నా. బీడీ ఆకుకు కొమ్మ కొట్టినచోట, నిప్పు పాకినచోట పిలకలు ఇంకా గుంపులు కడతాయి. అట్లాంటి డేటా మీద పాయిసాన్ వేస్తే వ్యత్యాసాన్ని తక్కువ అంచనా వేసి, ప్రతి కారణానికీ ఇది నిజమైన ప్రభావమే అన్నట్టు నక్షత్రం గుర్తు పెట్టేస్తుంది. వ్యత్యాసాన్ని సగటుతో భాగించి చూడండి. ఒకటికి చాలా పైన ఉంటే వ్యత్యాసాన్ని సగటు కంటే ఎక్కువ ఉండనిచ్చే నెగటివ్ బైనామియల్‌కు మారండి. సున్నాలు ఎక్కువున్నాయి గదా అని వెంటనే అదనపు సున్నాలకు విడిగా లెక్క కట్టే జీరో-ఇన్‌ఫ్లేటెడ్ మోడల్ వైపు పరుగెత్తక్కర్లేదు. మామూలుగా నెగటివ్ బైనామియల్ ఆ సున్నాలను మోసేస్తుంది. రాతిబండ మీద క్వాడ్రాట్ పడి, అక్కడ మొలిచే అవకాశమే లేని సున్నాలు ఉంటే అది వేరే కథ.

240 చెట్లు కావు, 12 ప్లాట్లు

అన్నిటికన్నా ఎక్కువమంది జారిపడేది ఇక్కడ, అందులో నేనూ ఉన్నాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో రోడ్డు దూరానికీ చెట్ల లావుకూ సంబంధం చూపించాను. పి విలువ (సంబంధమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.001 కంటే తక్కువ. ముచ్చటైన రంగు గ్రాఫు. వైవాలో బయటినుంచి వచ్చిన సార్ షీటు తిప్పి చూసి, "ఎన్ని చెట్లు అన్నది సరే, ఎన్ని ప్లాట్లు?" అని అడిగారు. ఎనిమిది అన్నాను. "అంటే రోడ్డు దూరం నీ దగ్గర ఎనిమిది అంకెలే గదా" అన్నారాయన. తిరిగొచ్చి సరిగ్గా చేస్తే ఆ సంబంధం ఆవిరైపోయింది.

ఒకే ప్లాటులోని చెట్లకు నేల ఒకటే, నిప్పు ఒకటే, పశువుల తొక్కుడు ఒకటే. ఒక చెట్టును చూస్తే పక్క చెట్టు సంగతి కొంత తెలిసిపోతుంది. ఆ పోలిక ఎంతో చెప్పే అంకె 0.3 అనుకుందాం. ప్లాటుకు 20 చెట్లు ఉంటే 1 + 19 × 0.3 = 6.7. మన 240ని 6.7తో భాగిస్తే 36. ప్లాటు సగటుల గురించి మాట్లాడేటప్పుడు చేతిలో ఉన్నది 36 చెట్ల పాటి సమాచారమే.

దీనికి మందు మిక్స్‌డ్ మోడల్. ప్లాటును రాండమ్ ఎఫెక్ట్‌గా, అంటే పెద్ద గుంపులోంచి పడ్డ ఒక శాంపిల్‌గా పెడితే, తేడాలో ప్లాటు వాటా ఎంత, చెట్టు వాటా ఎంత అని విడదీసి చూపిస్తుంది. ఇట్లా వాటాలు విడదీసే లెక్కకు 1970ల మొదట్లో ఒక కొత్త దారి వేసినవాడు మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారే, మింక్వీ అంటారు దాన్ని. ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, 2023లో నూటరెండేళ్లకు పోయారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా రెమ్ల్ అనే పద్ధతి వాడుతున్నా, అడిగే ప్రశ్న అదే.

మిక్స్‌డ్ మోడల్ జాతుల విషయంలోనూ అక్కరకొస్తుంది. టేకులు 90 ఉండి, సోమి మూడే దొరికాయనుకోండి. సోమికి విడిగా గీత వేస్తే మూడు బిందువుల మీద ఎటైనా పోతుంది. అన్నీ కలిపి ఒకే గీత వేస్తే సోమి గొంతు టేకుల్లో కలిసిపోతుంది. జాతిని రాండమ్ ఎఫెక్ట్‌గా పెడితే సోమి గీత తన మూడు బిందువుల మాట కొంత, మిగతా అడవి మాట కొంత వింటుంది. నాకు ఈ మెథడ్ మీద ఉన్న మోజంతా ఈ ఒక్క గుణం వల్లే. గుంపులు మూడో నాలుగో మాత్రమే ఉంటే మాత్రం దీని జోలికి పోకండి, ప్లాటును మామూలు చలరాశిగానే పెట్టుకోండి.

కారణాలు కలిసి నడిస్తే

సముద్రమట్టం నుంచి ఎత్తు, వాన, శ్రీశైలం రోడ్డు నుంచి దూరం, చెంచు పెంట (చెంచుల గూడెం) నుంచి దూరం. ఘాట్ ఎక్కిన కొద్దీ ఇవన్నీ కలిసే మారతాయి. గైడ్ సార్ చెప్పిన మల్టిపుల్ రిగ్రెషన్‌లో అన్నీ ఒకేసారి వేస్తే గుణకాలు అటూ ఇటూ ఊగుతాయి, ఒక్కోసారి గుర్తే తిరగబడుతుంది. హోర్ల్, కెనార్డ్‌ల రిడ్జ్ అనే పద్ధతి (1970) గుణకాలన్నిటినీ కొంచెం కొంచెం కుదించి నిలబెడుతుంది. టిబ్షిరానీ లాసో (1996) కొన్నిటిని పూర్తిగా సున్నా చేస్తుంది. అంచనా మాత్రమే కావాలంటే రిడ్జ్ చాలు. జాబితా చిన్నది కావాలంటే లాసో. కానీ అన్నదమ్ముల్లా ఉన్న రెండు చలరాశుల్లో అది ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తీసేస్తే, తీసేసినదానికి ప్రభావం లేదని రాయకండి. ఆ రోజు వేరే ప్లాటు పడి ఉంటే రెండోది మిగిలేది. 12 ప్లాట్ల దగ్గరైతే ఈ రెండూ వద్దు. అడవిలో తిరిగినవాడిగా ఒక కారణాన్ని నువ్వే ఎంచుకుని, ఎందుకో రెండు వాక్యాలు రాసుకోవడం మేలు.

పేరులో అడవి ఉన్నది

ఇక మనవాడి ముచ్చట. లియో బ్రైమన్ 2001లో ఇచ్చిన రాండమ్ ఫారెస్ట్‌కూ మన నల్లమలకూ ఉన్నది పేరు చుట్టరికమే. వందల నిర్ణయ వృక్షాలను (కొమ్మలుగా చీలే అవును-కాదు ప్రశ్నల వరుసలను) వేర్వేరు శాంపిళ్ల మీద పెంచి సగటు తీస్తుంది. ఉపగ్రహ చిత్రంలో వేల పిక్సెళ్లు, పదుల బ్యాండ్లు ఉండి, ఎక్కడ టేకు దట్టంగా ఉందో మ్యాపు గీయాలంటే నేనూ అదే వాడతాను. వంపులు, కారణాల మధ్య మెలికలు తనే పట్టుకుంటుంది.

70 చెట్ల ఎత్తు మీద మాత్రం వాడకండి. అది చూసినవాటి సగటులే చెబుతుంది కాబట్టి, చూసినదాన్ని మించి చెప్పలేదు. మీ డేటాలో అన్నిటికన్నా పొడుగు చెట్టు 18 మీటర్లయితే, రేపు ఎంత లావు నల్లమద్ది ఎదురైనా 18 దాటదు. రెండో తిరకాసు పరీక్షలో ఉంది. పక్కపక్క పిక్సెళ్లలో సగం నేర్పడానికి, సగం పరీక్షకు అని కలగాపులగంగా పంచితే, పరీక్షకు ముందే ప్రశ్నాపత్రం లీకైనట్టే. మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. మన్ననూరు వైపు నేర్పి పదర వైపు పరీక్షించండి, అప్పుడు తెలుస్తుంది దాని అసలు పస. ఇక అది ఇచ్చే "ముఖ్యమైన చలరాశుల" జాబితా అంచనాకు ఏవి అక్కరకొచ్చాయో చెబుతుంది, చెట్టు ఎందుకు అక్కడ మొలిచిందో కాదు.

చివరికి మనవాడికి కుదిరినవి ఇవి: ఎత్తుకు చాప్‌మన్-రిచర్డ్స్, బరువుకు షావ్ సమీకరణం, తునికికి ప్లాటును రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టిన నెగటివ్ బైనామియల్, నారేపకు ఒకే కారణంతో లాజిస్టిక్. మల్టిపుల్ రిగ్రెషన్ పోయింది, రాండమ్ ఫారెస్ట్ పోయింది. "ఒక్క థీసిస్‌ల నాలుగు మెథడ్లా అన్నా, సార్ ఏమంటడో" అని గులిగాడు. నాలుగు ప్రశ్నలున్నాయని చెప్పమన్నాను.

ఫెలోషిప్ పైసలు ఇంకా కొన్ని మిగిలాయట, పెద్ద కంప్యూటర్ కొందామా అని అడిగాడు. అనుమతి గడువు ఉండగానే జీపు మాట్లాడుకుని మళ్లీ ఎక్కమన్నాను. మొదటే 12 ప్లాట్లకు బదులు 24 వేసి, ప్లాటుకు 20 కాక 10 చెట్లే కొలిచి ఉంటే, అదే 240 చెట్లకు, అదే 0.3 పోలికతో, 36 కాదు 65 చెట్ల పాటి సమాచారం చేతికొచ్చేది. ఇప్పుడైనా కొత్త ప్లాట్లు ఎన్ని వీలైతే అన్ని వెయ్, చెట్లు తక్కువైనా ఫరవాలేదు అన్నాను. పోయేటప్పుడు 1.37 మీటర్ల కర్ర ఒకటి ఊళ్లోనే కోసుకుని పట్టుకెళ్లమని కూడా చెప్పాను. లోపల పుల్ల విరిచినా ఊరుకోరు.